ఆమెన్ అన్నాకే లైను

దవాఖానలో చివరి మంచం మీద దుప్పటి మార్చి, చేతులు కడుక్కుని, ప్రేమావతి బెంగుళూరు రోడ్డు దాటేసరికి నాలుగు దాటింది. పొట్టి మనిషి. నలభై నాలుగేళ్లు వచ్చాయి, అందులో ఇరవయ్యేళ్లు ఆయా పనిలోనే గడిచాయి. చదువు ఏడో తరగతితో ఆగింది. అలాంటివాళ్లకు కూడా పరీక్ష పెట్టి బీఏలో చేర్చుకునే దూరవిద్య విశ్వవిద్యాలయం ఉందని తెలిసినప్పటి నుంచి ఆవిడకు ఇంగ్లిషు సాహిత్యం పిచ్చి పట్టుకుంది. శంషాబాద్‌లో నవ్వనివాళ్లు లేరు. ఆవిడ లెక్కచేస్తే కదా!

ఎనిమిది నెలలుగా ఆ పరీక్ష పాఠాలు ఇబ్రహీం ఎస్టీడీ బూత్‌లోని కంప్యూటర్‌కే వస్తున్నాయి. నగరంలోని టీచరమ్మ ఈమెయిల్లో పంపితే, ఈవిడ జవాబులు రాసి పంపాలి. ఇవాళ ఆఖరి వ్యాసం. ఐదింటికల్లా చేరకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు, ఇంకో ఏడాది ఆగాలి.

ఇక్కడే ఉంది తిరకాసు. చర్చిలో పెరిగిన ప్రేమావతి ప్రార్థన చేయనిదే ఏ పనీ మొదలుపెట్టదు. కళ్లు మూసుకుందంటే చుట్టాలు, సర్కారు, టీచరమ్మ మోకాళ్ల నొప్పి, అన్నీ అందులోకి రావాలి. ఆలోగా ఈమెయిలు కోసం కలిపిన ఫోను లైను తెగిపోయేది. మొదట్లో తల పట్టుకున్న ఇబ్రహీం, తర్వాత ఆవిడ ఆమెన్ అన్నాకే ఫోను కలపడం మొదలుపెట్టాడు.

ఇవాళ లైనే కలవడం లేదు. ఇబ్రహీం అరవయ్యేళ్ల మనిషి, ఎడమచేత్తో ఛాతీ రాసుకుంటూ కుడిచేత్తో నంబరు నొక్కుతూనే ఉన్నాడు. ఐదుకు పది నిమిషాలుందనగా కలిసింది. తొందరలో ప్రేమావతి ప్రార్థన మరచిపోయి మీట మీద వేలు పెట్టబోయింది.

"ఆగు బిడ్డా, దువా చెయ్యలే."

"లైను పోతది చాచా!"

"పోతే మళ్ల కలుపుత. ఎనిమిది నెలల మెహనత్, గిట్ల దేవుని పేరు లేకుండ పంపుతవా?"

ఆవిడ చుట్టాలందరినీ వదిలేసి రెండే ముక్కల్లో ముగించింది. అయినా లైను తెగింది. ఇబ్రహీం మళ్లీ నంబరు నొక్కడం మొదలుపెట్టాడు. ఐదుకు రెండు నిమిషాలుందనగా వ్యాసం వెళ్లిపోయింది.

"జర ఆరాం తీసుకో చాచా, చెమటలు పడుతున్నయి."

"ఉక్కపోత. నువ్వు ఇంటికి పో, జవాబు నేను చూస్త."

ప్రేమావతి పొయ్యి మీద బియ్యం పెట్టిందో లేదో, బూత్ పక్కన పంక్చర్లు వేసే రాములు పరుగెత్తుకొచ్చాడు. ఆవిడ వెళ్లేసరికి ఇబ్రహీంను బల్ల మీద పడుకోబెట్టారు. ఇరవయ్యేళ్లు రోగుల మధ్య తిరిగిన మనిషి, ఆ చెమటను ఉక్కపోత అంటే ఎలా నమ్మిందో! తన మీద తనకే అసహ్యం వేసి, నిలబడ్డచోటే ఏడ్చింది.

"జవాబు వచ్చిందని ఇంటికి ఫోన్ చేసిండు," అంది ఆయన భార్య సురయ్యా. "చాయ్ తీస్కరా, ప్రేమమ్మకు గూడ తే అన్నడు. నేను వచ్చేవరకే కుర్చీల పాణం పోయింది."

కంప్యూటర్ పక్కన, పరీక్షకు రమ్మని టీచరమ్మ పంపిన కాగితం అచ్చు తీసి ఉంది. ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా దాని మీద ఇబ్రహీం తన కళ్లజోడు తీసి పెట్టాడు.