పెళ్లి లారీ

అరుణ పెళ్లికి కారు మాట ఎత్తితే చాలు, బసవన్నకు ఒళ్లు మండేది. "నా సేతుల్లో పెరిగిన పిల్ల. నా లారీలోనే ఆదోని సర్చి కాడ దింపుతా" అని మగపెళ్లివారి ముందే మీసం దువ్వాడు. మగ్గం నేసే సారమ్మకు ఇరవై ఏళ్లుగా పక్కింటివాడు, ఆమె కూతురు అరుణకు వరస కలుపుకున్న మామ. కాదనే ధైర్యం ఎవరికుంది?

పెళ్లి రోజు పొద్దున ఎమ్మిగనూరులో నలభై మంది చుట్టాలను ఎక్కించుకుని లారీ బయల్దేరింది. ముందు పూలదండలు, వెనక పాటలు. ఆదోని ఇంకా పన్నెండు కిలోమీటర్లు ఉందనగా రెండుసార్లు గుంజుకుని, ఒకసారి దగ్గి ఆగిపోయింది. అప్పటికి పది దాటింది. పదకొండుకు పెళ్లి. పన్నెండు కొట్టగానే పాస్టరుగారు గూడూరులో ఇంకో పెళ్లికి పోవాలి.

"డీజిల్ పంపు పోయింది. కర్నూలుకు పంపాల్సిందే, రెండు దినాలు" అన్నాడొక పెద్దమనిషి, ఎవరూ అడక్కుండానే.

క్యాబిన్‌లోంచి తెల్లచీరతో అరుణ దిగింది. మూడేళ్లుగా ఆదోనిలో డీజిల్ పంపులు బాగుచేసే షెడ్డులో పని ఆమెది. "సీరె! సీరె!" అని సారమ్మ గగ్గోలు పెడుతున్నా వినకుండా, "స్పానర్లు యాడుండాయి మామా?" అంది.

పంపు పక్కన, చేత్తో డీజిల్ లాగడానికుండే బటన్‌ను నాలుగుసార్లు నొక్కింది. లోపలికి పోయిన బటన్ పైకి లేవడానికి మొరాయిస్తోంది.

"డీజిల్ వస్తాలేదు. పంపే పోయిందో, దానికి డీజిలే అందతాలేదో. పంపు విప్పితే గంట పైన పడుతుంది. నిజం సెప్పు మామా, ట్యాంకులో ఏం పోసినావు?"

"డీజిలే" అన్నాడు బసవన్న. నోరు విప్పితే నలభై మంది ముందు పరువు గంగలో కలుస్తుంది. విప్పకపోతే పిల్ల పెళ్లి ఆగిపోతుంది. పిల్ల మొహం చూశాడు. పోతే పోయింది వెధవ పరువు అనుకున్నాడు.

"తక్కువ రేటని కౌతాళంలో డ్రమ్ములో ఉన్నది పోసినానమ్మా. వాన నీళ్లు కలిసినాయేమోనని వడగట్టి పోసినా."

"దేంతో?"

సీటు కిందినుంచి టవల్ తీశాడు. పెళ్లికని సారమ్మ పెట్టిన ఎర్రంచు టవల్, మగ్గం దిగింది దిగినట్టే, ఒక్క ఉతుకూ చూడనిది.

అరుణ పడీపడీ నవ్వింది. "నీళ్లు తగిలి టవల్‌లోని గంజంతా కరిగి ట్యాంకులోకి పోయింది! పంపు బంగారంలా ఉండాది మామా. నువ్వు దానికి గంజి తాపినావు, గొంతుకు అడ్డం పడింది."

లారీ మొత్తం ఒక్కసారిగా గొల్లున నవ్వింది. బసవన్న తల దించుకున్నాడు గానీ, పంపు బాగుందన్న మాటకు లోలోపల ఎగిరి గంతేశాడు.

అదే టవల్‌ను చీర మీద నడుముకు చుట్టుకుని, అరుణ పంపుకు ముందు డీజిల్‌ను వడగట్టే చిన్న జాలీ విప్పింది. నిండా తెల్లటి ముద్ద, అందులో ఒక ఎర్రదారం. దారిన పోయే లారీని ఆపి చెంబెడు మంచి డీజిల్ అడిగి జాలీ కడిగింది, ఫిల్టర్ అడుగున చేరిన నీళ్లు వదిలింది. మళ్లీ బటన్ కొడితే ఈసారి నురగ పోయి డీజిల్ తేటగా వచ్చింది. ఇంజిన్ అందుకుంది. నాలుగు కిలోమీటర్లు పోయాక మళ్లీ ఆగింది. మళ్లీ దిగి కడిగింది. ఈసారి ఎవరూ భయపడలేదు, కింద దిగి పాట అందుకున్నారు.

పన్నెండుకు పావుగంట ఉందనగా చర్చి చేరారు. ఉంగరం తొడుగుతున్న పెళ్లికొడుకు మంజునాథ్‌కు డీజిల్ వాసన గుప్పుమన్నా, ముసిముసిగా నవ్వాడే తప్ప చెయ్యి వదల్లేదు.

ప్రార్థన అయ్యాక, పెళ్లికూతురిని తీసుకొచ్చినవాళ్లకు మగపెళ్లివారు టవల్ కప్పి మర్యాద చెయ్యడం అక్కడి ఆనవాయితీ. మంజునాథ్ నాయన కొత్త టవల్ మడత విప్పి బసవన్న భుజాల మీద కప్పాడు. గంజికి అది ఫెళఫెళలాడింది. బసవన్నకు కళ్లు చెమర్చాయి.

"మామా!" అని గట్టిగా కేకేసింది అరుణ. "ముందు దాన్ని ఉతుకు!"

చర్చి అదిరిపోయేలా నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది బసవన్నే.