కళ్లకు గంతలతో టవర్ మీదికి

పెళ్లయి పట్టుమని పది రోజులు కాలేదు. అప్పుడే ఇటలీలోని బొలోన్యా నడివీధిలో మా ఆయనతో గొడవకు దిగాను, అదీ నవ్వు ఆపుకుంటూ.

"మీ ఊరు చూపిస్తానని మా ట్రియెస్ట్ నుంచి లాక్కొచ్చావు. నిన్నంతా తిండే చూపించావు. ఇవాళ టవర్ ఎక్కాల్సిందే."

ఇవానో తలెత్తి ఆ పాత ఇటుకల టవర్‌ను చూసి, పాము కనబడ్డట్టు వెనక్కి జరిగాడు. "నువ్వు ఎక్కిరా నివేస్. నేనిక్కడే ఉంటా."

డిగ్రీ చేతికి రాకముందే ఈ టవర్ ఎక్కిన విద్యార్థికి ఇక ఆ డిగ్రీ రాదని ఈ ఊరి నమ్మకం. ఇవానో చదువుతున్నది ఇక్కడే. ఆఖరి పరీక్ష వచ్చే వారం.

"కాబోయే ఇంజనీరువి. సిగ్గులేదూ?"

"సిగ్గుంది. భయం కూడా ఉంది. పరీక్ష తప్పితే మీ నాన్న నన్ను బతకనిస్తాడా?"

నాకు నవ్వు ఆగిపోయింది. ఒక్కదాన్నే పైకెళ్లి ఎవరికి చూపించి మురిసిపోను? నా ముఖం చూసి ఇవానో మెత్తబడ్డాడు.

"సరే, కళ్లు మూసుకుని ఎక్కుతా. చూడకపోతే ఎక్కినట్టు కాదు."

"అలాగని ఎవరన్నారు?"

"ఇప్పుడే నేనన్నా."

నా స్కార్ఫ్ అతని కళ్లకు కట్టి, చెయ్యి పట్టుకుని చెక్కమెట్లు ఎక్కించాను.

"మెట్టు... ఇంకో మెట్టు... తల వంచు!"

"అబ్బా!"

"వంచమన్నాగా!"

పైనుంచి దిగుతున్న ఒక పెద్దావిడ ఆగిపోయింది. "ఏంటమ్మా, కుర్రాణ్ణి ఎత్తుకుపోతున్నావా?"

"మా ఆయనేనండీ. వచ్చే వారం పరీక్ష."

ఆవిడకు ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. "ముడి వదులైంది నాయనా, ఉండు," అని తనే గట్టిగా బిగించి, గోడకు అతుక్కుని మాకు దారిచ్చింది.

పైన గాలి నా జుట్టంతా చెదరగొట్టేసింది. "ఇవానో, కప్పులన్నీ ఎర్రగా, టమాటాలు ఎండబోసినట్టున్నాయి!"

"దూరంగా కొండమీద చర్చి కనిపిస్తోందా? గుండ్రంగా?"

"ఆ, ఉంది!"

"అక్కడికెళ్లే దారిలోనే సైకిల్ మీంచి పడి పన్ను విరగ్గొట్టుకున్నా. మా అమ్మమ్మ నన్ను వదిలేసి ముందు సైకిల్ని లేపింది."

నవ్వీ నవ్వీ నా కడుపు నొప్పెట్టింది. సంచిలోంచి మోర్టడెల్లా మాంసం ముక్కలు పెట్టిన రొట్టె తీసి అతని నోటికందించాను. నములుతూ, "పిస్తా తగిలింది!" అని చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. అంతలోనే అతని చెయ్యి మెల్లగా ముడి వైపు వెళ్లింది.

"ఒక్కసారి చూడనా? నువ్వంతలా చెబుతుంటే ఆగలేకపోతున్నా."

రెండు చేతులతో ముడి పట్టేసుకున్నాను. "ఛస్తే వద్దు! పరీక్ష పాసై, డిగ్రీ వచ్చినవాళ్లందరిలా తలమీద లారెల్ ఆకుల కిరీటం పెట్టుకుని రా. అప్పుడు చూద్దువుగాని."

"ఇంజనీరు పెళ్లానివి. సిగ్గులేదూ?"

"సిగ్గుంది. భయం కూడా ఉంది. నడు!"

కింద వీధిలోకి వచ్చేదాకా ఆ ముడి మీంచి చెయ్యి తీస్తే ఒట్టు.