తాంబూలం పెట్టెలో నొప్పి మాత్రలు

నేను ఒక ఇత్తడి తాంబూలం పెట్టెను. పుట్టింది ఇత్తడి సామాన్లు చేసే అజ్జరంలో. ఆ ఊళ్లో సుత్తిదెబ్బలు తినకుండా ఎవరూ ఒక ఆకారానికి రారు. నేనూ తిన్నాను. నన్ను చేసిన కంచరి వీరాచారి నా మూత మీద రెండు చిలకల్ని చెక్కి, ఒకదాని ముక్కు వంకరగా వచ్చిందని రోజంతా తనని తాను తిట్టుకున్నాడు. నాకు మాత్రం ఆ వంకర ముక్కు చిలకే ముద్దు. లోపల నాలుగు అరలు పెట్టాడు. ఒకటి ఆకులకి, ఒకటి వక్కలకి, ఒకటి సున్నపుకాయకి, చిన్నది లవంగాలకీ ఏలకులకీ.

నా మొదటి యజమాని మునసబు సత్తిరాజు గారు. అరుగు మీద కూర్చుని నన్ను ఎదురుగా తెరిచి పెట్టేవారు. వచ్చినవాడి ముందు పెట్టె మూత వెయ్యకూడదు, అది మన ఇంటి మర్యాద కాదు అనేవారు. ఊళ్లో గట్టు తగాదాలన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. ఆయన ముందుగా ఇద్దరికీ తాంబూలం ఇచ్చేవారు. నోటినిండా ఆకులు కుక్కుకున్నవాడు ఎంతసేపని తిట్టగలడు? సగం తగాదాలు నావల్లే తీరాయని నా నమ్మకం. మునసబు గారు మాత్రం అది తన తెలివి అనుకునేవారు. పోనీలెండి, మనుషులకి ఆ మాత్రం సంతోషం ఉండాలి.

ఆయన పోయాక పిల్లలు మంచాలూ బీరువాలూ పంచుకున్నారు. నన్నెవరూ అడగలేదు. పాత సామాన్లవాడి సంచిలో చేరి కరిగిపోవడానికి వెళుతుంటే, దారిలో మంగతాయారు అతన్ని ఆపి, ఒక సొట్ట బిందె ఇచ్చి నన్ను తీసుకుంది.

మంగతాయారు కోలాటం గురువు. సాయంత్రమైతే ఆవిడ వాకిట్లో ఆడవాళ్లంతా చేరేవారు. దాదాపు అందరూ యాభై దాటినవాళ్లే. కర్ర మీద కర్ర పడితే మాత్రం అందరికీ పదహారేళ్లు వచ్చేవి. ఆట అయ్యాక నేను చేతులు మారేదాన్ని. ఆకులూ వక్కలూ నడిచేవి. కొన్నాళ్లకి ఒకరికి పళ్లు ఊడాయి, ఒకరికి కట్టుడు పళ్లు వచ్చాయి, వక్కల అర ఖాళీ అయింది. అదే సమయానికి అందరికీ మోకాళ్లు గుర్తొచ్చాయి.

మొదట మాత్రలు తెచ్చింది ఆదెమ్మ. మంగతాయారుకి పక్కింటి స్నేహితురాలు, వరసకి ఆడపడుచు.

"మా ఆయనకి నడుం పట్టేసినప్పుడు డాక్టరు గారు రాసిచ్చారు వదినా. ఇన్ని మిగిలిపోయినాయి. నేనోటి వేసుకున్నాను, లేడిపిల్లలా గెంతుతున్నాననుకో! నువ్వూ వేసుకో."

ఆకుల అరలో తెల్ల మాత్రలు పడ్డాయి. ఇక చూడండి, కొత్తావకాయ పంచుకున్నంత ఉత్సాహంగా ఎవరింట్లో మిగిలినవి వాళ్లు తెచ్చారు. కొడుకు పన్ను పీకించుకున్నప్పటి ఎర్రవి వక్కల అరలోకి, ఎవరికో మెడ పట్టేసినప్పటి గులాబీవి సున్నపుకాయ అరలోకి వచ్చాయి. అరల్లో పట్టడానికి అట్టల్ని కత్తెరతో ముక్కలు చేశారు. దాంతో మందు పేరు సగం తెగిపోయింది, గడువు తేదీ ఎవరింటి చెత్తబుట్టలోనో ఉండిపోయింది. వాళ్లకి పేర్లతో పనేముంది? తెల్లది మోకాలికి, ఎర్రది నడుముకి, గులాబీది మెడకి అని వాళ్లే తీర్మానించుకున్నారు. ఆట అవగానే నేను వరసగా తిరిగేదాన్ని. నొప్పి లేనివాళ్లు కూడా, వద్దంటే ఇచ్చినవాళ్లు నొచ్చుకుంటారని ఒకటి తీసుకునేవారు. తాంబూలం వద్దనకూడదు కదా!

ఆ ఏడు వాళ్లకి గొప్ప అవకాశం వచ్చింది. భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థంలో జడకోలాటం ఆడమని పిలిచారు. పైనుంచి వేలాడే రంగు తాళ్లు పట్టుకుని, ఆడుతూ జడలా అల్లాలి, మళ్లీ ఆడుతూనే విప్పాలి. ఒక్కరు అడుగు తప్పినా ముడి పడుతుంది. ముందుండి నడిపించాల్సింది మంగతాయారు. ఆవిడకి అన్నం కంటే ఆ ఆటే ముఖ్యమైపోయింది.

మోకాలు మొరాయించినకొద్దీ నా మూత ఎక్కువగా లేచేది. పొద్దున తెల్లది, మధ్యాహ్నం ఎర్రది, సాయంత్రం సాధన ముందు గులాబీది. ఇవి కాక బీపీ మాత్ర సరేసరి. పాదాలు వాచాయి. ఆడినందుకు వాచాయంది. గుండెల్లో మంట పుట్టింది. గ్యాసంది, సోడా తాగింది.

పుష్య మాసంలో ఏకాదశి వచ్చింది. ఏకాదశినాడు మంగతాయారు పచ్చి మంచినీళ్లు ముట్టదు. కానీ ఆ రోజూ సాధన ఉంది, మోకాలూ ఉంది. ఉద్ధరిణెడు తులసి తీర్థంతో తెల్లదీ ఎర్రదీ కలిపి మింగేసింది.

"ఉపవాసం కదా వదినా?" అంది ఆదెమ్మ.

"మాత్ర అన్నమేటే? దానికి ఉపవాసం చెడదు," అంది మంగతాయారు.

శాస్త్రప్రకారం నిజమే కావచ్చు. కడుపు ఏ శాస్త్రమూ చదువుకోలేదు.

రెండు రోజులు గడిచాయి. సాయంత్రం సాధనలో జడ సగం అల్లుకుంది. ఉన్నట్టుండి మంగతాయారు చేతిలో తాడు జారింది. మిగతావాళ్లు ఒకరినొకరు గుద్దుకున్నారు, తాళ్లు ముడిపడ్డాయి. ఆవిడ నేల మీద కూలబడింది. అందరూ ఒకేసారి "ఎర్రది ఇయ్యండే, ఎర్రది!" అని అరుస్తూ నా మీదకి వచ్చారు. వాళ్ల ప్రేమ చూసి నాకు భయం వేసింది.

ఆదెమ్మ అందరినీ తోసుకుని వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది.

"నీ మొకవేటి వదినా సున్నం కొట్టినట్టుంది?"

మంగతాయారు ఆదెమ్మ చెవిలో మెల్లిగా చెప్పింది. "నిన్నటినుంచి దొడ్డికెళితే తారులాగ నల్లగా అవుతంది. ద్వాదశినాడు నువ్వులుండలు తిన్నాను, అందుకేమోలే."

"నేనూ తిన్నాను ఆ ఉండలే. నాకవలేదే!" అంటూ ఆదెమ్మ ఆటోని కేకేసింది. ఏం మందులు వాడారని డాక్టరు అడుగుతారని నన్నూ ఒళ్లో పెట్టుకుంది.

ఏరియా ఆస్పత్రిలో డాక్టర్ నస్రీన్ గారు ముందు మంగతాయారుని పడుకోబెట్టి సెలైన్ పెట్టించారు. తర్వాత నన్ను తెరిచి, అన్నీ బల్ల మీద పోశారు.

"ఏ రంగు దేనికి వేసుకున్నారు?"

ఆదెమ్మ ఏదీ దాచకుండా, తులసి తీర్థంతో సహా, చెప్పింది. డాక్టరమ్మకి నవ్వూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

"ఇవన్నీ ఒక్క తల్లి పిల్లలేనమ్మా. రంగులే వేరు, మందు రకం ఒకటే. రెండు కలిపి మింగితే నొప్పేమీ ఎక్కువ తగ్గదు, కడుపుకే చేటు. పైగా ఖాళీ కడుపు మీద! లోపల పుండు పడి రక్తం కారుతోంది. నల్లగా అయ్యేది ఆ రక్తమే, నువ్వులు కాదు. ఇంకా ఆలస్యం చేసి ఉంటే ప్రాణం మీదకి వచ్చేది."

ఆదెమ్మ ఏడుపు ఆపుకోలేకపోయింది. "మొదట తెచ్చింది నేనేనండీ. నేనూ వేసుకున్నాను కదా, నాకేమీ అవలేదు మరి!"

"అందరి ఒళ్లూ ఒకటి కాదు కదమ్మా. ఆవిడకి వయసుంది, బీపీ ఉంది. ఈ మాత్రలు బీపీని పెంచుతాయి, కిడ్నీల్ని కూడా ఇబ్బంది పెడతాయి. గుండె జబ్బున్నవాళ్లు, ఇదివరకు కడుపులో పుండు పడ్డవాళ్లు, రక్తం పలచబడే మందు వాడేవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు మమ్మల్ని అడక్కుండా వీటిని ముట్టుకోకూడదు. అవసరమై మేం రాసినా ఒక్కటే రకం, తక్కువ మోతాదులో, కొద్ది రోజులే. అదీ అన్నం తిన్నాక, గ్లాసుడు నీళ్లతో. ఒకరికి రాసింది ఇంకొకరికి ఇవ్వకూడదు."

"ప్రేమ కొద్దీ ఇచ్చానండీ."

"ప్రేముంటే పులిహోర పెట్టండి. మాత్రలు పెట్టకండి."

మంగతాయారుకి రక్తం ఎక్కించారు, నోట్లోంచి కడుపులోకి గొట్టం వేసి చూసి పుండుకి వైద్యం చేశారు. నాలుగు అరలూ దులిపి, దూదితో తుడిచి నన్ను ఆదెమ్మకి ఇచ్చారు. మంగతాయారు లేచి కూర్చోగానే అడిగిన మొదటి మాట, "అంతర్వేది వెళ్లొచ్చా అమ్మా?"

"వెళ్లొచ్చు. ఆడకూడదు," అన్నారు డాక్టరమ్మ. మోకాలికి పైన రాసుకునే మందు ఇచ్చి, కుర్చీలో కూర్చుని కాలు చాపే కసరత్తు నేర్పించారు. కడుపులో పుండు మానడానికి వేరే మందు రాశారు. మంగతాయారు గోడవైపు తిరిగి పడుకుంది. నడిపించేవాళ్లు లేకుండా జడ ఎవరు అల్లుతారని ఆవిడ బాధ. నిజం చెప్పాలంటే నా బాధా అదే.

భీష్మ ఏకాదశి వచ్చింది. తీర్థంలో ఇసకేస్తే రాలనంత జనం. మంగతాయారు పందిట్లో కుర్చీలో కూర్చుని, అందరూ చూస్తుండగా రెండు ఇడ్లీలు తింది. "దేవుడికి నా సంగతి తెలుసులే," అని తనకి తనే సర్దిచెప్పుకుంది. నన్ను ఒళ్లో పెట్టుకుంది, అలవాటు కొద్దీ మూత తెరిచే ఉంచింది. లోపల ఏమీ లేదు.

అంతలో రాజోలు వైపు జట్టులో ఒకావిడ నడుం పట్టుకుని వచ్చింది. మా పేరు అంత దూరం పాకిందన్నమాట!

"మీ కాడ పెట్టె ఉంటదంట కదండీ. ఓ ఎర్రది ఇప్పించండి, ఆటయ్యేదాకా ఆగితే చాలు. పొద్దున్నించి ఉపోసం."

మా జట్టంతా మంగతాయారు వైపు చూసింది. ఎవరికీ ఏదీ లేదనని మనిషి. ఆవిడ వంకర ముక్కు చిలక మీద బొటనవేలు పెట్టి, నా మూత టక్కున వేసేసింది.

"లేదమ్మా, ఇయ్యను. ముందు ఈ అరటిపండు తిను. అదిగో, ఆ డేరాలో డాక్టర్లున్నారు. నీకు బీపీ షుగరూ ఉంటే చెప్పి, వాళ్లిచ్చిందే వేసుకో. నేను చచ్చి బతికొచ్చాను, నా మాట విను."

నా జన్మలో అతిథి ముందు మూత పడటం అదే మొదటిసారి. మునసబు గారు ఏమనేవారో తెలియదు. నేను మాత్రం సిగ్గుపడలేదు, గర్వపడ్డాను.

మైకులో మా జట్టు పేరు పిలిచారు. ఆదెమ్మ ముందు తాడు పట్టుకుంది. మొదటి అడుగు ఎప్పుడు వెయ్యాలో తెలియక వెనక్కి తిరిగి చూసింది. అప్పుడు మంగతాయారు నా మూత మీద వేళ్లతో దరువు మొదలుపెట్టింది. ఖాళీగా ఉన్నాను, మూత గట్టిగా పడి ఉంది. నాలో ఇంత మోత ఉందని నాకే తెలియదు! మైకు పట్టుకున్నతను పరుగున వచ్చి దాన్ని నా దగ్గర పెట్టాడు. ఆవిడ దరువుకి అడుగులు పడ్డాయి, రంగు తాళ్లు జడ అల్లుకున్నాయి, అదే దరువుకి ఒక్క ముడి లేకుండా విడిపోయాయి.