తెర మీది బొట్టుబిళ్ల

2004 వేసవిలో గవర్నర్‌పేటలోని వెంకటకృష్ణారావు నెట్ సెంటర్‌కి వెళ్లినవారికి ఒక వింత కనిపించేది. పన్నెండు కంప్యూటర్ల తెరల మీదా సరిగ్గా నడిమధ్యన ఎర్రటి స్టిక్కర్ బొట్టుబిళ్లలు ఉండేవి. ఏదో పూజ చేసి ఉంటారనుకుని పెద్దవాళ్లు ముచ్చటపడేవారు కూడా. పూజా లేదు, పునస్కారమూ లేదు. పిల్లలు ఆన్‌లైన్‌లో ఆడే తుపాకుల ఆటలో దూరం కాల్చే తుపాకీకి గురి గుర్తు ఉండదు. తెర మధ్యభాగాన్ని కళ్లే పట్టుకోవాలి. పాపం, ఆ కాస్త శ్రమ మాత్రం పిల్లలకెందుకని వెంకటకృష్ణారావు తన భార్య సంపూర్ణమ్మ దగ్గరున్న బిళ్లలు తెచ్చి అంటించాడు. బిళ్ల శత్రువు మీదికి రాగానే మౌస్ నొక్కితే చాలు.

ఆ బిళ్లల పుణ్యమా అని డిగ్రీ రెండో ఏడు చదివే అఫ్సాకి పేరొచ్చింది. ఆ అమ్మాయి గురి తప్పదని సెంటరంతా చెప్పుకునేది. హైదరాబాదు పోటీలకు బెజవాడ నుంచి ఐదుగురి జట్టు వెళ్తుందనీ, ఎంపిక పది రోజుల్లో ఉందనీ తెలిసింది. ఆ జట్టులో అప్పటిదాకా ఒక్క ఆడపిల్ల కూడా లేదు. ఆ చోటు తనదేనని అఫ్సా గట్టిగా నమ్మింది.

అదేరోజు నిబంధనల కాగితం వచ్చింది. తెరలకు ఏమీ అంటించకూడదట. అఫ్సా నవ్వుకుంటూ బిళ్ల పీకేసి ఆడింది. ఇరవైసార్లు కాలిస్తే మూడే తగిలాయి. రెండేళ్లుగా బిళ్లనే చూసిన ఆ కళ్లకు తెర మధ్యభాగం ఎక్కడో తెలియనే తెలియదు. చుట్టూ ఉన్నవాళ్లు జాలిపడుతుంటే ఆమెకు ఒళ్లు మండింది.

ఆమె తండ్రి కరిముల్లా ఆటోనగర్‌లో లారీ బాడీలకు గ్యాస్‌తో రేకు కోసే పనివాడు. మర్నాడు మధ్యాహ్నం క్యారియర్ తీసుకెళ్లిన అఫ్సా తన గోడంతా వెళ్లబోసుకుంది. ఆట సంగతి ఆయనకు సగమే అర్థమైనా, వచ్చిన చిక్కు మాత్రం పూర్తిగా అర్థమైంది. ఎందుకంటే ఆయన పని నేర్పే పద్ధతి ఒకటుంది. కొత్తవాళ్లకు రేకు మీద సుద్దగీత గీసి ఇస్తాడు. వారానికోసారి ఆ గీతలో జానెడు చెరిపేస్తాడు. మూడు నెలలకు రెండు చివర్లా రెండు చుక్కలు మిగులుతాయి. ఆ తర్వాత అవీ ఉండవు.

"గీత ఇవ్వడం తప్పు కాదమ్మా. అది లేకపోతే మొదటిరోజే రేకంతా పాడుచేస్తారు. చెరపకపోవడమే తప్పు. మీ రావుగారు ఇచ్చారు గానీ, తియ్యడం మర్చిపోయారు."

"తొమ్మిది రోజులే ఉన్నాయి అబ్బాజాన్."

"అయితే రోజూ కాస్త చెరుపు."

అఫ్సా పట్టుబట్టింది. బిళ్లను కత్తెరతో సగం చేసింది. రెండ్రోజులకు పావు, ఆపైన ఆవగింజంత, చివరి మూడు రోజులూ ఉత్త తెర. రోజూ ఓడిపోయింది. నిన్నమొన్న ఆట నేర్చినవాళ్లు కూడా ఆమెను ఓడించి పోయారు. చూడలేక వెంకటకృష్ణారావు, ఉన్న పేరు పోతుందమ్మా అన్నాడు.

"ఆ పేరు బిళ్లదండీ. నా పేరు ఇప్పుడు సంపాదించుకుంటాను," అంది అఫ్సా.

ఎంపికరోజు ఉత్త తెరల ముందు కూర్చున్న మొనగాళ్లు చాలామంది తెల్లమొహాలు వేశారు. అఫ్సాకి ఇరవైలో పదకొండు తగిలాయి. బిళ్ల ఉన్నరోజుల్లో పద్దెనిమిది తగిలేవి. అయినా ఆ పదకొండే ఆమెను జట్టులో ఐదో చోట నిలబెట్టాయి. కాగితం మీద తన పేరు చదువుకుంటే, రెండేళ్ల గెలుపుల్లో ఏనాడూ కలగని తృప్తి కలిగింది.

బిళ్లలన్నీ పీకి పారేస్తానని వెంకటకృష్ణారావు లేచాడు. అఫ్సా వద్దంది. కొత్తగా వచ్చేవాళ్లకు ఉంచమనీ, నెల తిరిగేసరికి తప్పకుండా తీసెయ్యమనీ చెప్పింది.

కంప్యూటర్లు మన పిల్లలకు ముందుముందు ఇంకెన్ని సాయాలు చేస్తాయో తెలియదు. ఇవ్వదగినవన్నీ ఇద్దాం. కానీ ఏ సాయమైనా తీసెయ్యాల్సిన రోజును, అది ఇచ్చిన రోజే నిర్ణయించుకుందాం.