పది నిమిషాలు కూర్చున్నవాళ్ళు

"పొద్దస్తమానం బయట గాలికి తిరిగొచ్చేదానివి, నీకెందుకే అంత నీరసం?" నిన్న సాయంత్రం కూడా అన్నాడు మా ఆయన, ఫ్యాను కింద కాళ్ళు బార్లా చాపుకుని, టీ ఇంకా రాలేదేమని వంటింటి వైపు చూస్తూ. గాలికి తిరగడమట! మార్కెట్ ముందున్న ఖాళీ స్థలంలో నిలబడి, జనానికి అక్కడ ఎలా ఉందో అడిగి రాసుకునే ఉద్యోగం నాది. చల్లగా ఉందా, హాయిగా ఉందా, వేడిగా ఉందా, భరించలేకుండా ఉందా? పది నిమిషాలు కూర్చున్నవాళ్ళ జవాబే లెక్కలోకి వస్తుంది. నడిచొచ్చినవాళ్ళ ఒళ్ళు ముందే వేడెక్కి ఉంటుందట.

కూర్చునేదెవరు? గోడ నీడన బెంచీల మీద మగమహారాజులు. "హాయిగా ఉందమ్మా, రాసుకో," అంటారు. ఒకాయనైతే సంచులు మోస్తూ ఎండలో నిలబడ్డ భార్య వైపు కనీసం తిరక్కుండానే, "మా ఆవిడకీ హాయే," అన్నాడు. ఛీ! అక్కడ ఊడ్చే అక్క నా ప్రశ్న విని నవ్వింది. "కూర్చుంటే మేస్త్రీ ఊరుకుంటాడా తల్లీ? ఒళ్ళు ఉడికిపోతోంది. నీ రాతలు చూసే ఇక్కడ పందిరి వేస్తారటగా, కాస్త గట్టిగా రాయి." గట్టిగానే రాశాను.

ఇవాళ మా ఆఫీసరు ఏసీ చలికి చేతులు రుద్దుకుంటూ రిపోర్టు నా ముందుకి తోశాడు. నూటికి ఎనభై మందికి హాయిగానే ఉంది, పందిరి అక్కర్లేదు.

"సంతకం పెట్టమ్మా."

"ఇందులో ఆడవాళ్ళేరి సార్?"

"కూర్చోలేదుగా. అయినా కొట్టేసింది నువ్వేగా?"

నిజమే. మూడు నెలలుగా రోజూ సాయంత్రం వాళ్ళ ఫారాల మీద అడ్డగీతలు గీసింది నేనే. ఇంటికెళ్ళి వంట చెయ్యాలన్న తొందరలో, రూలు కదా అని, అక్క ఫారం కూడా గీసి పారేశాను. ఆ బెంచీలవాళ్ళ మీదా, ఈయన మీదా, మా ఆయన మీదా ఉన్న రోతంతా ఒక్కసారిగా నా మీదకే తిరిగింది. ఎంత బుద్ధిమంతురాలినో!

"ఆలోచిస్తావేం? నీ సొమ్మేం పోయింది?" అన్నాడు ఆఫీసరు.

పెన్ను తీసుకుని, సంతకం పెట్టాల్సిన చోటికి కాస్త పైన రాశాను. "హాయిగా ఉందన్నవాళ్ళంతా మగవాళ్ళు. భరించలేకుండా ఉందన్న ఆడవాళ్ళని, కూర్చునే వీలు లేదన్న నేరానికి, నేనే కొట్టేశాను."

దాని కింద సంతకం పెట్టాను.