కోడిపిల్లల షెడ్డులో హారతి

అంతయ్య మిస్త్రీకి లోకం మీద కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. కొత్త సామాను వస్తే అందరూ దానికి కొబ్బరికాయ కొడతారు, బిగించినవాడికి మాత్రం చాయ్ కూడా పోయరు. ఆ ఒక్కటి చాలు, అతని మొహం ఏడాది పొడుగునా చింతపండు తిన్నట్టు ఉండడానికి.

ఆ పొద్దున ఆదిలాబాద్ అవతల భూమవ్వ కోళ్ల షెడ్డుకు చేరేసరికి, ఆమె మొగుడు రాజయ్య సగం పని చేసి పెట్టాడు. చేసిందంతా తప్పే. గొడుగులాంటి గ్యాస్ హీటరు షెడ్డు నడుమ ఇనుప దూలానికి వేలాడుతోంది, జిన్నింగ్ మిల్లులో పత్తి బేళ్లు కట్టే తాడుతో. చుట్టూ జాలీకి మిల్లు సంచులు కుట్టి, వెలుగు కూడా రాకుండా మూసేశాడు. ఆ సంచులకున్న పత్తి నూగంతా నేల మీద పరిచిన ఊక మీద రాలింది.

"ఎట్లున్నది అంతన్నా? మంచిగ కట్టిన గదా!" అన్నాడు రాజయ్య.

"మస్తు కట్టినవ్. ఎద్దును కట్టేసినట్టు కట్టినవ్. గది నిప్పు రాజన్నా! తాడు అంటుకున్నదనుకో, హీటరొచ్చి ఊక మీద పడ్తది. షెడ్డు కాలుతది. ఎన్క ఊరంత నన్ను తిడ్తది."

భూమవ్వకు ఈ కొట్లాట పట్టలేదు. ఆమె చూపంతా రోడ్డు మీదే. పోయిన చలికాలం కరెంటు పోయి, వెచ్చదనానికి పెట్టిన బల్బులారి, కోడిపిల్లలన్నీ చలికి ఒకదాని మీద ఒకటి ఎక్కి ఊపిరాడక చచ్చాయి. ఈసారి కూడా పోతే షెడ్డు మూసేసి, మళ్లీ ఒకరి చేలో పత్తి ఏరబోవాల్సిందే.

"తమ్మీ, జర జల్ది కానీ. కరీంనగర్ నుంచి పిల్లల బండి నిర్మల్ దాటిందట."

"దాటనీ అక్కా. జల్ది చేసినోళ్ల షెడ్లు శానా చూసిన."

అంతయ్య తాడు విప్పి గొలుసు వేశాడు. వేసి, దాన్ని పట్టుకుని తనే ఒకసారి వేలాడి చూశాడు. బరువు పడకుండా గ్యాసు పైపును వదులుగా వదిలాడు. సిలిండరును షెడ్డు బయట, నీడన నిలబెట్టించాడు. రాజయ్య చేత నూగంతా ఊడ్పించాడు. తర్వాత సంచుల పైఅంచు బర్రుమని చింపాడు.

"అరే, చలొస్తదే!" రాజయ్య లబలబలాడాడు.

"గాలొస్తది. మంట గాలి తింటది. అన్ని మూస్తె పిల్లలకు చలి పెట్టదు, పానమే పోతది. లోపల పండుకుంటె నీకూ పోతది."

అప్పుడు సిలిండరు మర తిప్పి గ్యాసు వదిలి, అతుకులకు సబ్బు నురగ రాయడం మొదలుపెట్టాడు. సరిగ్గా ఆ వేళకే భూమవ్వ పళ్లెంలో పసుపు, కుంకుమ, భగ్గున మండుతున్న కర్పూరంతో గుమ్మం దాకా వచ్చింది.

"అక్కా! ఆడ్నే ఆగు!"

"ఏమైందిరా? కొత్త బోరుకిచ్చినం, కొత్త ఆటోకిచ్చినం. ముట్టియ్యకముందే దీనికీ ఇయ్యాలె. మైసమ్మ ఊకుంటదా?"

"మైసమ్మ ఊకుంటది, గ్యాసు ఊకోదు! ఎన్కకు పో. గా వేపచెట్టు దాక పో."

అంటూనే ఉరికి సిలిండరు మర కట్టేశాడు. కర్పూరం ఆరిపోయి, షెడ్డంతా గాలి ఆడాక ఆమెను పిలిచి, గ్యాసు మళ్లీ కొంచెం వదిలాడు. ఒక అతుకు దగ్గర నురగ బుడబుడమని ఉబ్బింది.

"సూసినవా? గిక్కడికెల్లి బయటికొస్తుండె. నువ్వు మంట పట్టుకొని దానికి ఎదురొచ్చినవ్."

భూమవ్వ పళ్లెం గట్టిగా పట్టుకుంది. "అమ్మో..." అని మాత్రం అంది.

అంతయ్య గ్యాసు కట్టేసి, అతుకు విప్పి, కొత్త క్లిప్పుతో బిగించి మళ్లీ నురగ రాశాడు. ఈసారి ఒక్క బుడగ లేదు. హీటరు ముట్టించాడు. గొడుగు కింద ఎర్రగా వెచ్చబడింది.

మధ్యాహ్నం కాకముందే బండి వచ్చింది. డబ్బాలు వంచగానే పిల్లలు కిచకిచమంటూ గొడుగు కిందికి పోవాల్సింది పోయి, అంచులకు పరుగెత్తాయి. భూమవ్వ మొహం వాడిపోయింది.

"తమ్మీ, అవి దానికాడికే పోతలేవు!"

"వేడెక్కువైంది. ఫికర్ చెయ్యకు." గొలుసును రెండు కొండీలు పైకి ఎత్తాడు. ముగ్గురూ కదలకుండా నిలబడ్డారు. ఒక పిల్ల వచ్చింది. దాని వెనక నాలుగు. కాసేపటికి వాకిట్లో ఆరబోసిన మక్క గింజల్లా అన్నీ షెడ్డంతా సమంగా పరుచుకున్నాయి. కొన్ని అప్పుడే కాళ్లు చాపి కునుకు తీస్తున్నాయి.

భూమవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుని పళ్లెం తీసింది. "మరి నా హారతి?"

"హీటరు కాడికి పోనియ్యడు, సిలిండరు కాడికి పోనియ్యడు. మిస్త్రీకే ఇయ్యి," అన్నాడు రాజయ్య నవ్వుతూ.

భూమవ్వ నవ్వలేదు. అంతయ్యను వేపచెట్టు కిందికి తీసుకుపోయి, నుదుట ఇంత పెద్ద బొట్టు పెట్టి, కర్పూరం వెలిగించి పళ్లెం తిప్పింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అంతయ్య పానా పట్టుకుని నిలబడ్డాడు.

"చాయ్ ఉన్నదా లేదా, గది చెప్పు," అని గొణిగాడు.

"పొయ్యి మీదున్నది. ముందు కండ్లకద్దుకో."

అద్దుకున్నాడు. చాయ్‌లో చక్కెర తక్కువైందని రెండు గ్లాసులు తాగేదాకా తిడుతూనే ఉన్నాడు. బొట్టు మాత్రం ఇల్లు చేరేదాకా తుడవలేదు.