బూడిద రంగు గళ్ళు

మా ఊరి బడిలో పంతులుగారు నల్లబల్ల మీద ‘అ’ రాస్తే, ఆ ఊపుకి అక్షరం గోడ అవతలి వైపుకి కూడా దిగేది. పక్క వీధివాళ్ళు బడికి రాకుండానే చదువు నేర్చేసుకున్నారు. ఇది అబద్ధమని మా ఆవిడ నలభై ఏడేళ్ళుగా అంటోంది గాని, ఆ వీధిలో చదువురానివాడిని ఒక్కడిని చూపించమంటే ఇంతవరకు చూపించలేకపోయింది. నా చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. ఏ సంగతికైనా కాస్త రంగు వేసి చెప్పే విద్య మాత్రం ఆగలేదు. ఆ విద్య వల్లే మా మరదలి కుర్చీ ఊడిపోయేంత పనయింది. అందుకని ఈ కథలో ఇక్కడినుంచి రంగు వెయ్యను. వేస్తే పక్కగదిలోంచి పట్టేసుకునేవాళ్ళున్నారు.

మరదలంటే మా ఆవిడ చెల్లెలు. మా పెళ్ళయిన ఏడే, దాని ఏడో ఏట, జ్వరం వచ్చి చూపు పోయింది. ఇరవై రెండేళ్ళుగా ఒక పెద్ద ఆసుపత్రి టెలిఫోను గదిలో పనిచేస్తోంది. ఎవరైనా ఫోను చేసి ఫలానా డాక్టరుని చూడాలంటే, ఏ గంట ఖాళీగా ఉందో కంప్యూటర్లో వెతికి వాళ్ళ పేరు అందులో రాయాలి. చూపు లేని మనిషి కంప్యూటర్లో ఎలా వెతుకుతుందని నన్ను చాలామంది అడిగారు. స్క్రీన్ రీడర్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. తెర మీద ఏముందో చదివి చెవిలో చెబుతుంది. మొదట్లో దానికి మన భాష రాదు. పేషెంటు పేరు మన అక్షరాల్లో కనబడగానే అలిగిన కొత్తల్లుడిలా నోరు మూసుకుని కూర్చునేది. రెండేళ్ళ కిందట మన భాష చదివే గొంతొకటి వచ్చింది. సంతోషం లేదు, కోపం లేదు, అచ్చం మా లెక్కల పంతులి గొంతు. అందుకని నేను దానికి పంతులు అని పేరు పెట్టాను. మరదలు ఆ పంతుల్ని ఎంత వేగంగా పరిగెత్తిస్తుందంటే, వింటుంటే రేకుల కప్పు మీద వడగళ్ళు పడ్డట్టుంటుంది. ఒక చెవిలో పేషెంటు, ఇంకో చెవిలో పంతులు. ఇద్దరికీ మధ్యన నవ్వుతూ మాట్లాడేది మా మరదలు.

ఇలా సాఫీగా సాగుతుండగా ఆసుపత్రివాళ్ళు సాఫ్ట్‌వేర్ మార్చారు. కొత్తదాంట్లో అన్నీ బొమ్మలే. బొమ్మల వెనక పేర్లు రాయడం తయారుచేసినవాళ్ళు మరిచిపోయారు. పేరు లేకపోతే పంతులు మాత్రం ఏం చదువుతాడు? మరదలు ఎక్కడ మీట నొక్కినా “బటన్, బటన్, బటన్” అనడం మొదలెట్టాడు. టెలిఫోను గదిని చూసుకునే పెద్దమేడం చెడ్డమనిషి కాదు. శుక్రవారం ఒక పరీక్ష, సోమవారం ఇంకో పరీక్ష పెడతానంది. రెంటిలోనూ కుదరకపోతే మరదలు ఫోను వదిలేసి వెనకగదిలో కవర్లకి చిరునామాలు అంటించాలి. ఆ మాట చెబుతున్నప్పుడు మరదలి మొహం చూశాను. దాని గొంతు కోసమే ఫోను చేసేవాళ్ళు ఊళ్ళో సగంమంది ఉన్నారు. సరే, సగం కాదు. చాలామంది ఉన్నారు. కవర్లతో ఎవరు మాట్లాడతారు?

ఇందుకు మందు మరదలి దగ్గరే ఉంది. పంతులికి పాఠం చెప్పొచ్చట. ఈ తెర మీద ఏడో బొమ్మ మీదికి వస్తే ‘వెతుకు’ అని పలుకు, ఎనిమిదో బొమ్మ అయితే ‘భద్రపరుచు’ అని పలుకు, అని చిన్నచిన్న ఆజ్ఞలు రాసిపెడితే అలాగే పలుకుతాడు. దాన్ని స్క్రిప్టంటారు. అది రాయడం మరదలికి వచ్చు. అంతకుముందు ‘ఉ.10’ని పంతులు “ఉ చుక్క పది” అని చదువుతుంటే, ఉదయం పది అని పలకడం తనే నేర్పింది. కానీ ఏడో బొమ్మ ఏంటో, ఎనిమిదో బొమ్మ ఏంటో చూసి చెప్పడానికి రెండు కళ్ళు కావాలి. కొత్త సాఫ్ట్‌వేర్ నకలు ఒకటి లాప్‌టాప్‌లో పెట్టుకుని ఇంటికొచ్చింది. మా ఆవిడకి తెర చూస్తే తలనొప్పి. మిగిలింది నేను.

బొమ్మలతో బాగానే ఉంది. చిక్కు గళ్ళ దగ్గర వచ్చింది. డాక్టర్ల పేర్లు వరసగా కిందికి, గంటలు వరసగా పక్కకి, మధ్యలో గళ్ళు. గడిలో అక్షరం ముక్క లేదు, రంగొక్కటే. ఆకుపచ్చయితే ఖాళీ, ఎరుపయితే నిండినట్టు. నేను మొదటి వరస చిలకపచ్చ, రెండోది లేత ఆకు, మూడోది పాత చెరువు నాచు అని మొదలెట్టాను.

“పచ్చో కాదో చెప్పు బావా, ఎన్ని రకాల పచ్చో ఎవరడిగారు?” అంది మరదలు. ఏ గడిది ఏ రంగో స్క్రిప్టే కనిపెట్టేస్తుందట. ఏ రంగుకి ఏం అర్థమో చెబితే చాలట.

పచ్చ, ఎరుపు కాకుండా అక్కడక్కడ బూడిద రంగు గళ్ళు కూడా ఉన్నాయన్నాను. అంటే ఏంటని అడిగింది. తెర అడుగున చీమల బారులాగా ఏవో సన్నటి అక్షరాలున్నాయి. నా కళ్ళజోడు ముందుగదిలో పేపరు మీద ఉంది. అప్పుడే టీ గ్లాసు చేతికొచ్చింది. లేవబుద్ధి కాలేదు. బూడిద రంగంటే దుమ్ము పట్టినవన్నమాట, ఇంతవరకు ఎవరూ ముట్టుకోలేదు, శుభ్రంగా ఖాళీ, అని చెప్పాను. చెప్పాక నాకే ముచ్చటేసింది, ఎంత చక్కగా అతికిందో. మరదలు టకటకా రాసేసుకుంది.

శుక్రవారం పక్కగదిలోంచి ఉద్యోగులే పేషెంట్లలా ఫోన్లు చేశారు. మరదలు ఒక్క క్షణం తడుముకోలేదట. చెవి డాక్టరు దగ్గర గురువారమంతా బూడిద రంగే. పంతులు ‘ఖాళీ, ఖాళీ’ అన్నాడు. పదకొండుమంది పేర్లు అందులో రాసింది. తీరా చూస్తే బూడిద రంగంటే డాక్టరు సెలవులో ఉన్నాడని. తాళం వేసిన గది ముందు పదకొండుమందిని కూర్చోబెట్టారు, ఉత్తుత్తి పేషెంట్లు గనక సరిపోయింది, సోమవారం చూద్దాం, అని పెద్దమేడం నెమ్మదిగానే అందట.

మరదలు ఇంటికొచ్చి చేతికర్ర మూలన పెట్టింది. చేతులు కడుక్కుంది. నీళ్ళు తాగింది. లాప్‌టాప్ ముందు కూర్చుని అడిగింది.

“బావా, ఆ బూడిద రంగు సంగతి చదివి చెప్పావా, అల్లి చెప్పావా?”

గుమ్మంలో మా ఆవిడ నిలబడి ఉంది. నాకు క్షణంలో మూడు జవాబులు తోచాయి, మూడూ దివ్యమైనవే. రాత్రికి రాత్రే రంగుల అర్థాలు మార్చేశారన్నది వాటిల్లో కాస్త నీరసమైనది. నోరు తెరిచాను గాని, మరదలి వేళ్ళు అప్పటికే మీటల మీద ఆని ఉన్నాయి. నేను ఏం చెబితే అది రాసుకోవడానికి, ఇంత జరిగాక కూడా.

“అల్లాను,” అన్నాను.

మా ఆవిడ ముందుగదిలోకి వెళ్ళి, కళ్ళజోడు తెచ్చి తనే నా ముక్కు మీద పెట్టింది. కాస్త గట్టిగానే పెట్టింది.

“నీ కథలంటే నాకిష్టం బావా,” అంది మరదలు. “కళ్ళు పోయాక నేను చూసిన ఊళ్ళన్నీ నువ్వు చెప్పినవే. కానీ ఇక్కడ నాకు ఊళ్ళొద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. కనబడకపోతే కనబడలేదను. అది కూడా నాకు పనికొస్తుంది.”

కనబడకపోవడం ఎలా పనికొస్తుందో నా బుర్రకెక్కలేదు. విడమరిచి చెప్పింది. తనకి నేర్పని రంగేదైనా ఎదురైతే ‘తెలియదు’ అనమని పంతులికి స్క్రిప్టులో రాయొచ్చట. తెలియదంటే తను ఆగి, ఎవరినైనా అడుగుతుంది. ఖాళీ అంటే రాసేస్తుంది. నేను బూడిద రంగుకి అర్థం అల్లి, పంతులి నోట తెలియదు అనే మాట రాకుండా చేశానన్నమాట.

శని, ఆదివారాలు కూర్చున్నాం. మా ఆవిడ పక్కనే కుర్చీ వేసుకుని, పరీక్షల్లో కాపలా కాసే టీచరులా నా కళ్ళజోడు వంక చూస్తూ కూర్చుంది. మొదటిసారి ‘కనబడలేదు’ అనడానికి నాకు పిల్లాడి పాలపన్ను పీకినంత పనయింది. నా జీవితంలో ఎవరేం అడిగినా ఖాళీ చేతులతో పంపింది లేదు. రెండోసారికి కాస్త తేలికయింది. నాలుగోసారి అన్నప్పుడు మరదలు “శభాష్ బావా” అంది, నా పెద్దపెద్ద కథలకి కూడా ఎప్పుడూ అనలేదు. యాభైమూడు బొమ్మలకి పేర్లు పెట్టాం. నాకు కనబడని నాలుగింటిలో రెండు మా ఆవిడ భూతద్దంతో చదివింది. మిగతా రెండూ తెలియదుగానే ఉండిపోయాయి.

సోమవారం నేనూ వెంట వెళ్ళాను. టెలిఫోను గదిలో మూడు బల్లలు, నడిమిది మరదలిది. అటూ ఇటూ చూపున్న అమ్మాయిలిద్దరు. ఈసారి వచ్చేవి నిజం ఫోన్లే. పెద్దమేడం మరదలి వెనక కాగితం పట్టుకుని నిలబడింది. నన్ను గోడవారన కూర్చోబెట్టి మాట్లాడొద్దన్నారు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను. ఏడు ఫోన్లు నీళ్ళలా వెళ్ళిపోయాయి. ఎనిమిదోది ఎవరో ముసలావిడ, మోకాళ్ళ డాక్టరు కావాలంది. బుధవారం పదిన్నర గడి మీదికి వెళ్ళగానే మరదలి వేళ్ళు ఆగిపోయాయి. పెద్దమేడం కలం ఎత్తింది.

“ఒక్క నిమిషం లైన్లో ఉండండమ్మా. ఈ గంట సంగతి నాకు తెలియదు, కనుక్కుని చెబుతాను,” అని ఫోనులో చెప్పి, మరదలు వెనక్కి తిరిగింది. “మేడం, ఇక్కడ మొన్న లేని రంగొకటి ఉంది. ఏంటది?”

పెద్దమేడం వంగి చూసింది. నారింజ రంగంది. తెర అడుగున వెతికింది, అక్కడ దాని గురించి ఏమీ రాయలేదు. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఫోను చేసింది. ఆదివారం వాళ్ళు ఆ రంగు కొత్తగా కలిపారట, చెప్పడం మరిచారట. ఆ గంటలో డాక్టరు ఆపరేషను గదిలో ఉంటాడు, ఎవరికీ ఇవ్వకూడదట.

ఎడమ బల్ల అమ్మాయి చెయ్యి మీటల మీదే ఆగిపోయింది. లేత రంగు కదా ఖాళీయేమో అనుకుని పొద్దుట్నుంచి ఆరుగురి పేర్లు అందులో రాసింది. కుడి బల్ల అమ్మాయి నలుగురివి రాసింది. ఆ పదిమందికీ తిరిగి ఫోన్లు చేసి గంటలు మార్చాల్సి వచ్చింది. మరదలి బల్ల మీద మాత్రం ఒక్కటీ మార్చే పని లేదు.

పెద్దమేడం కాగితం మడిచి జేబులో పెట్టుకుంది.

“ఆ రంగుకి పేరేదో మీ స్క్రిప్టులో రాసేసుకోండి,” అంది. “రాసి, ఆ పెద్దావిడకి జవాబు చెప్పండి. పాపం, ఎదురుచూస్తోంది.”

మరదలు రెండు వరసలు రాసింది. పెద్దావిడకి మధ్యాహ్నం మూడింటికి కుదిర్చింది. తొమ్మిదో ఫోను ఎత్తింది. పరీక్ష అయిపోయిందని ఎవరూ చెప్పలేదు. పెద్దమేడం తన గదిలోకి వెళ్ళిపోయింది, అంతే. ఎడమ బల్ల అమ్మాయి మాత్రం ఇటు వంగి గుసగుసగా అడిగింది, “అక్కా, ఆ తెలియదు అనేదేదో మా తెరకి కూడా పెట్టొచ్చా?”

ఆ స్క్రిప్టు ఇప్పుడు ఇంకో రెండు ఆసుపత్రుల్లో ఫోన్లు ఎత్తే చూపులేని వాళ్ళ దగ్గరికి వెళ్ళింది. వాళ్ళు తమ తెరల నకళ్ళు కూడా పంపుతున్నారు. వారానికి మూడు పూటలు కళ్ళజోడు పెట్టుకుని కూర్చుని ఉన్నది ఉన్నట్టు చదువుతున్నాను. ఆ గది బయట ఎలాగైనా చెప్పుకోమని మరదలు నాకు అనుమతిచ్చింది.

ఆ అనుమతిలో ఒక మెలిక ఉంది. మొన్న పక్కింటాయన వస్తే, పంతులికి మన భాష నేర్పింది నేనేనని, మొదటి పాఠం రోజున వాడు నా కాళ్ళకి మొక్కబోయి కాళ్ళు లేక ఆగిపోయాడని చెబుతున్నాను. ఆయన నోరు తెరుచుకుని వింటున్నాడు. లోపలిగదిలో ఏదో మీట నొక్కిన చప్పుడైంది.

“తెలియదు,” అన్నాడు పంతులు, సంతోషం లేకుండా, కోపం లేకుండా.